ముంపు ప్రాంతంలో ఇల్లు కట్టే ముందు సాయిల్ టెస్ట్: విజయవాడలోని ఒక సంస్థ పనితీరుపై సమీక్ష

విజయవాడ సింగ్‌నగర్ వైపు, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిపోయిన కాలనీల్లో ఒకదానిలో మాకున్న ఖాళీ స్థలంలో ఇల్లు కట్టాలని నిర్ణయించుకున్నప్పుడు, స్ట్రక్చరల్ ఇంజినీరు సలహా మీద నగరంలోని ఒక సాయిల్ టెస్టింగ్ సంస్థకు నేల పరిశోధన పని అప్పగించాము. సంస్థ పేరు రాయడం లేదు. ఇందులో నేను ఎత్తిచూపే లోపాలు చిన్న ఇళ్లకు ఇచ్చే నివేదికల్లో మామూలుగా కనిపించేవేనని మా ఇంజినీరు అన్నారు. పేరు పెట్టి ఒక్కరినే తప్పు పట్టడం సబబు కాదు. మట్టిని పరిశీలించడంలో ఈ సంస్థ పని శ్రద్ధగా, నమ్మదగినదిగా ఉంది. అయితే ముంపు స్థలానికి అవసరమైన రెండు ముఖ్యమైన విషయాలు, అంటే సముద్రమట్టంతో ముడిపడిన ఎత్తులు, మెరక చేయడానికి తోలబోయే మట్టి బరువు, మేము పట్టుబట్టి అడిగేదాకా నివేదికలోకి రాలేదు.

ఆ రెండూ ఇక్కడ ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే బుడమేరు సంగతి కొంత చెప్పాలి. మైలవరం వైపు కొండల నుంచి వచ్చి కొల్లేటికి చేరే ఈ ఏటిని వెలగలేరు రెగ్యులేటరు దగ్గర అడ్డగించి, వరదను డైవర్షన్ చానల్ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కృష్ణ తక్కువ మట్టంలో ఉన్నంతకాలం ఆ ఏర్పాటు పని చేస్తుంది. కృష్ణ కూడా నిండుగా పారుతున్నప్పుడు చానల్‌లోని నీటికి పోయే దారి ఉండదు, అది వెనక్కి ఎగదన్ని కట్టల మీద పడుతుంది. 2024 ఆగస్టు 31 రాత్రి దాటాక వాయుగుండం తీరం దాటినది ఎక్కడో కళింగపట్నం దగ్గరైతే, కుండపోత కురిసింది మాత్రం ఎన్టీఆర్, ఖమ్మం జిల్లాల మీద. డైవర్షన్ చానల్ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి ప్రవాహాన్ని కూడా మించిపోయింది. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి.

ఆ తరవాత ఈ ప్రాంతంలో ఇల్లు కట్టే ప్రతివారూ చేస్తున్న మొదటి పని స్థలాన్ని మెరక చేయడం. గ్రావెల్ దొరికినవారు గ్రావెల్, దొరకనివారు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద, అదీ కుదరకపోతే పాత ఇళ్లు పడగొట్టిన రద్దు తోలిస్తున్నారు. ఎంత ఎత్తు తోలాలి అంటే "రోడ్డు మీద మూడడుగులు" అన్నది మేస్త్రీల లెక్క. రోడ్డు మళ్లీ వేసినప్పుడల్లా కొంత పైకి లేస్తుంది కాబట్టి ఆ లెక్కకు స్థిరమైన ఆధారం ఏమీ లేదు. నివేదికలో మేము వెతికినది సరిగ్గా ఈ ఆధారాన్నే.

ముందుగా క్షేత్రంలో జరిగిన పని గురించి. ఇంత చిన్న స్థలానికి మధ్యలో ఒక బోరు చాలని నేల పరిశోధనకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 అనుమతిస్తుంది. సంస్థవారు మాత్రం పక్క స్థలంలో పాత గుంట పూడ్చిన ఆనవాళ్లు చూసి, ఎదురు మూలల్లో రెండు బోర్లు వేద్దామని తామే సూచించారు, రెండో దానికి ధర తగ్గించారు. ఈ సూచన వల్లే మాకు చాలా మేలు జరిగింది. ఒక మూలన పైనున్న పూడిక మట్టి మీటరు లోతు కూడా లేదు. రెండో మూలన అది దాదాపు రెండు మీటర్లు ఉంది. ఇటుక ముక్కలు, బొగ్గు నుసి, ఒక ప్లాస్టిక్ సంచి పీలిక ఆగర్‌తో (నేలను తొలిచే మరతో) పాటు పైకి వచ్చినప్పుడు బోరు వేస్తున్న పెద్దాయన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది సొంత నేల కాదండీ, తోలిన మట్టండీ, దీని లెక్క వేరే రాసుకోండి" అని తమ సూపర్‌వైజరుకు చెప్పాడు. ఒక్క బోరుతో సరిపెట్టుకుని ఉంటే ఇంటి ఒక మూల గట్టి నేల మీద, మరో మూల చెత్త మీద నిలిచేది.

నేల ఎంత గట్టిదో తెలిపే స్టాండర్డ్ పెనిట్రేషన్ టెస్టు చేసే తీరును దగ్గరుండి చూశాను. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, స్ప్లిట్ స్పూన్ గొట్టాన్ని మూడు విడతలుగా, విడతకు 15 సెంటీమీటర్ల చొప్పున నేలలోకి దింపుతారు. మొదటి విడత దెబ్బలు లెక్కలోకి రావు, చివరి రెండింటి మొత్తమే ఎన్ విలువ. పని తొందరలో సుత్తిని పూర్తి ఎత్తుకు లేపకుండానే వదిలేస్తే దెబ్బల సంఖ్య పెరుగుతుంది, నేల ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది. ఇక్కడ రాడ్ మీద సుద్దతో గీతలు పెట్టుకుని, సుత్తి ఎత్తుకు కూడా ఒక గుర్తు కట్టుకుని చేశారు. మధ్యాహ్నం ఎండలో ఒకటి రెండు దెబ్బలు తక్కువ ఎత్తు నుంచి పడినట్టు అనిపించి అడిగితే, సూపర్‌వైజరు వాదించకుండా ఆ లోతు పరీక్షను కొట్టివేసి కొద్దిగా కిందికి దిగి మళ్లీ చేయించారు. పని మీద గౌరవం లేనివారు ఇలా చేయరు.

భూగర్భ జలమట్టం చూడటంలోనూ జాగ్రత్త కనబడింది. వాష్ బోరింగ్‌లో పైనుంచి నీళ్లు పంపుతూ తవ్వుతారు కాబట్టి బోరు పూర్తయిన వెంటనే కొలిస్తే మనం పోసిన నీళ్లనే మనం కొలిచినట్టవుతుంది. వీరు బెయిలర్‌తో నీళ్లు తోడేసి, రాత్రంతా వదిలి, మర్నాడు ఉదయం కొలిచారు. పద్ధతి సరైనదే. అయితే కొలిచిన నెల మే. కాలువలు కట్టేసి, నేల ఏడాది మొత్తంలో అతి పొడిగా ఉండే కాలమది. ఆ ఒక్క కొలతనే ఏడాది పొడవునా ఉండే జలమట్టంగా తీసుకుని మొదటి నివేదికలో భార సామర్థ్యం, అంటే నేల మోయగల బరువు, లెక్కవేశారు. నీరు పునాది మట్టం దాకా వచ్చిందంటే ఇసుక నేలల్లో భార సామర్థ్యం సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ శాస్త్రంలో తొలి పాఠం; బంకమట్టిలో తగ్గుదల అంత ఉండకపోయినా, నిలువెత్తు నీళ్లు నిలిచిన స్థలానికి వేసవి జలమట్టంతో లెక్కవేయడం నాకు ఏ మాత్రం నచ్చలేదు.

ల్యాబు విషయంలో ఫిర్యాదు లేదు. చూస్తామంటే రమ్మన్నారు, ప్రశ్నలకు విసుక్కోలేదు. అక్కడ చూపిన ఫ్రీ స్వెల్ పరీక్ష ఇల్లు కట్టుకునే ప్రతివారూ ఒకసారి చూడదగినది. 425 మైక్రాన్ల జల్లెడలో జల్లించిన పొడిమట్టిని పది గ్రాముల చొప్పున కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో పోసి, ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, మరొకదానిలో కిరోసిన్ నింపి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడాయే నేల ఉబ్బే గుణానికి కొలత. మా స్థలంలోని నల్లరేగడి కిరోసిన్ గొట్టంలో 10 గీత దగ్గర అడుగున సర్దుకుని ఉంటే, నీటి గొట్టంలో మెత్తగా పొంగి 17 దగ్గర నిలిచింది. అంటే 70 శాతం ఉబ్బు. 50 దాటితేనే జాగ్రత్తపడాలంటారు. మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజం ఎక్కువగా ఉండే ఈ మట్టి వానాకాలంలో పునాదిని పైకి నెట్టి, ఎండాకాలంలో బీటలు తీసి కిందికి దించుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే అయినా, కళ్లెదుట గొట్టంలో చూసినప్పుడు దాని బలం అర్థమైంది. వరద వచ్చి రోజుల తరబడి నిలిచినప్పుడు ఈ మట్టి లోతుదాకా తడిసి, మామూలు వానలకు ఎన్నడూ ఉబ్బని పొర కూడా ఉబ్బుతుంది. ముంపు తగ్గాక మా వీధిలో కొన్ని ఇళ్ల గోడల మీద కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు కనబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చునని అక్కడి ఇంజినీరు అన్నారు.

నివేదికలో సూచించిన పునాది అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపి అడుగున వెడల్పు చేసే కాంక్రీటు స్తంభాలు. రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మన రేగడి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. సన్నని పైలు అడుగున, కాండం వ్యాసానికి రెండున్నర రెట్ల వెడల్పుతో ఉల్లిగడ్డలా బల్బు తీస్తారు. పైపొర ఉబ్బినా కుంగినా బల్బు కింద తేమ మారని పొరను పట్టుకుని ఉంటుంది. ఐఎస్ 2911 మూడో భాగం లోతైన రేగడి నేలల్లో ఈ పైలుకు కనీసం 3.5 మీటర్ల పొడవు ఉండాలంటుంది. మా స్థలంలో తోలిన మట్టిని మినహాయించి ఇంకా కిందికి వెళ్లమన్నారు; అయితే తొమ్మిది మీటర్ల దగ్గర నీళ్లతో నిండిన ఇసుక పొర మొదలవుతోంది కాబట్టి, అక్కడ బల్బు తీయబోతే గోడలు కూలిపోతాయని, బల్బు బంకమట్టిలోనే ముగించాలని స్పష్టంగా రాశారు. ప్లింత్ బీమ్ (పైల్స్‌ను కలుపుతూ గోడలను మోసే దూలం) అడుగు నేలకు ఆనకుండా 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలన్న వాక్యాన్ని బొద్దు అక్షరాలలో ఇచ్చారు. మేస్త్రీలు ఆ ఖాళీని చూసి మరిచిపోయారేమోననుకుని ఇసుకతో నింపేస్తారట. ఇసుక పొర భూకంపంలో ద్రవీభవిస్తుందా అన్న అంశాన్ని కూడా 2016 నాటి ఐఎస్ 1893 ప్రకారం విజయవాడ మూడో జోన్‌లో ఉందన్న ప్రాతిపదికన పరిశీలించి, ఎన్ విలువలకు నీటి కిందనున్న సన్నటి ఇసుకకు చేయవలసిన సవరణ కూడా చేశారు. ఇంత వివరం చిన్న ఇంటి నివేదికలో ఊహించలేదు.

ఇక లోపాలు. నివేదికలో ఈ ప్రాంత భూవిజ్ఞానం (జియాలజీ) గురించిన అధ్యాయం తూర్పు కనుమల ఖొండలైటు, చార్నొకైటు శిలల వర్ణనతో నిండి ఉంది. ఇంద్రకీలాద్రి పక్కన కట్టేవారికి అది అవసరమే. 2024లో అదే వానకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి కూడా. కానీ మా స్థలంలో బోరు వేసినంత లోతున ఆ రాయి తగలనే లేదు. బుడమేరు, కృష్ణ మోసుకొచ్చి వేసిన ఒండ్రు గురించి, పాత ఏటి దారుల గురించి, ఈ స్థలం ఏ పల్లంలో ఉందన్న దాని గురించి అందులో ఒక్క వాక్యం లేదు. ఏ స్థలానికైనా అతికే పేరా ఇది. తీసేసినా నివేదికకు నష్టం లేదు.

రెండోది అసలైన లోపం. బోర్ లాగ్‌లో, అంటే ఏ లోతున ఏ పొర తగిలిందో రాసే పట్టికలో, మొదటి వరుస "నేలమట్టం 0.00" అని మొదలవుతుంది. నల్లరేగడి ఇంత లోతున, నీళ్లు ఇంత లోతున, ఇసుక ఇంత లోతున అన్న కొలతలన్నీ ఆ సున్నా నుంచే. గ్రావెల్ లారీలు రెండు వచ్చి వెళితే ఆ సున్నా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పైలు పొడవు దేని నుంచి కొలవాలి? పక్కింటి గోడ మీద వరద నీళ్లు వదిలిన బూడిద రంగు చారకు, బోరులో కనబడిన జలమట్టానికి, రోడ్డు మధ్యకు, మా ప్లింత్‌కు ఉన్న తేడా ఎంత? నేలమట్టాన్ని సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తుతో, అంటే ఆర్.ఎల్. (రెడ్యూస్డ్ లెవెల్)తో ముడిపెడితే ఈ ప్రశ్నలన్నింటికీ ఒకే కాగితం మీద జవాబు వస్తుంది. ముడిపెట్టకపోతే ఒక్కదానికీ రాదు. అడిగినప్పుడు మొదట వచ్చిన సమాధానం "అది సర్వేయర్ల పనండీ, మా స్కోపులో లేదు" అని. కాగితం మీద అది నిజమే. కానీ ముంపు స్థలమని తెలిసి, ఫోనులో మొదటిరోజే అడ్రసు విని "అక్కడ నీళ్లు వచ్చాయి కదండీ" అన్నవారు, ఆ నీళ్లను నివేదికలో తలచుకోకపోవడం మాత్రం ఒప్పుకోదగినది కాదు.

మూడో లోపం కూడా ఇలాంటిదే. కుంగుబాటు లెక్కలన్నీ ఉన్న నేల మీద ఇల్లు కడుతున్నట్టుగా వేశారు. నాలుగడుగుల మెరక వేస్తామని మా ప్లానులోనే ఉంది. తోలిన మట్టి ఘనమీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. నాలుగడుగుల పొర అంటే చదరపు మీటరుకు రెండు టన్నులకు పైగా, అదీ ఇంటి కింద మాత్రమే కాదు, స్థలమంతటా. ఇంటి ఒక అంతస్తు బరువును నేలంతా పరిచినా అంత రాదు. ఈ బరువు కింద మెత్తని బంకమట్టి నెలల తరబడి నెమ్మదిగా అణుగుతూ, తనతోపాటు పైల్స్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోని నివేదిక, ఎంత చక్కగా పరీక్షలు చేసినా, కట్టబోయే ఇంటికి కాక మరో ఊహాజనితమైన ఇంటికి రాసినట్టే.

ఈ రెండింటినీ మా ఇంజినీరు లిఖితపూర్వకంగా అడిగిన తరవాత సంస్థ స్పందించిన తీరును మెచ్చుకోవాలి. అదనపు రుసుము స్వల్పంగా తీసుకుని అనుబంధ నివేదిక ఇచ్చారు. ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్ సాధనం తీసుకుని వచ్చి, సముద్రమట్టం ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ నుంచి మా స్థలానికి ఆర్.ఎల్. తెచ్చి, పక్కింటి ప్రహరీ స్తంభం మీద ఎర్ర రంగుతో గుర్తు వేశారు. పక్కింటి వరద చారను, మరో రెండిళ్లలో జనం చూపిన చారలను అదే సాధనంతో కొలిచారు. మూడూ దాదాపు ఒకే మట్టానికి రావడం చూసి, అది అలల వల్లనో వీధి వాలు వల్లనో కాక నిలిచిన నీటి మట్టమేనని రాసుకున్నారు. జలమట్టాన్ని నేలమట్టం దాకా వచ్చినట్టు తీసుకుని భార సామర్థ్యాన్ని మళ్లీ లెక్కకట్టగా మునుపటి అంకె తగ్గింది, పైల్స్ సంఖ్య కొంత పెరిగింది. మెరకను ఇల్లు మొదలుపెట్టడానికి ముందే వేసి ఒక వానాకాలం వదిలేయాలని, 20 నుంచి 25 సెంటీమీటర్ల పొరలుగా తడిపి రోలర్‌తో తొక్కించాలని, ప్రతి పొర ప్రాక్టర్ సాంద్రతలో (ల్యాబులో ఆ మట్టిని దట్టించినప్పుడు వచ్చే గరిష్ఠ సాంద్రతలో) 95 శాతానికి రావాలని, బూడిద వాడవద్దని సూచించారు. బూడిద తేలిక కాబట్టి కింది బంకమట్టి మీద భారం తగ్గుతుంది కదా అని నేను అడిగాను. నీళ్లు తగిలి పారినప్పుడు అది సులభంగా కొట్టుకుపోతుందని, చుట్టూ గట్టి గోడ, పైన మట్టి కప్పు లేకుండా ముంపు స్థలంలో దాన్ని నమ్మలేమని ఓపికగా వివరించారు.

వరద మట్టం విషయంలో మాత్రం సంస్థ మీదే పూర్తిగా ఆధారపడలేము. కేంద్ర జలసంఘం వారి ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ కృష్ణ, గోదావరి వంటి నదుల మట్టాలను, ముందస్తు అంచనాలను చూపుతుంది; అది వరద రోజున పనికొస్తుంది గానీ ప్లింత్ ఎత్తు నిర్ణయించడానికి కాదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) భువన్ పోర్టల్‌లో పెట్టే ముంపు పటాలు మరింత ఉపయోగకరం. మేఘాలను చీల్చుకుని చూడగల రాడార్ ఉపగ్రహాలు వాటికి ఆధారమే అయినా, ఇళ్లు ఒత్తుగా ఉన్న వీధుల్లో గోడల నుంచి వచ్చే ప్రతిఫలనాల వల్ల నీళ్లను గుర్తించడం రాడార్‌కు కష్టం. పటంలో మన వీధి పొడిగా కనబడిందని మురిసిపోకూడదు. గోడ మీది చారను టేపుతో కొలుచుకోవడమే మన వీధికి సంబంధించి ఇప్పటికీ అన్నిటికంటే నమ్మకమైన ఆధారం. నేషనల్ బిల్డింగ్ కోడ్ చుట్టూ ఉన్న నేలకు 450 మిల్లీమీటర్ల పైన ప్లింత్ ఉండాలంటుంది. ఇలాంటి చోట ఆ అంకె వాన నీళ్లకు సరిపోవచ్చు గానీ, గండిపడి వచ్చే నీళ్లకు దానితో సంబంధం లేదు.

ఖర్చు విషయానికి వస్తే, రెండు బోర్లు, ల్యాబు, అనుబంధ నివేదిక అన్నీ కలిపి మేము గేటుకు, ప్రహరీకి పెట్టబోయే దానికంటే తక్కువే అయింది. రసీదు ఇచ్చారు, చెప్పిన ధర దాటలేదు. నివేదిక చేతికి రావడం ఆలస్యమైంది. ఫోన్ చేసినప్పుడల్లా "రేపు పంపిస్తామండీ" అన్న మాట వినవలసి వచ్చింది. సరళమైన తెలుగులో ఒక పేజీ సారాంశం జతచేస్తే మేస్త్రీకి, ఇంటివారికి కూడా ఉపయోగపడేది. ప్రస్తుతం అది అంకెల పట్టికలతో నిండిన ఇంగ్లీషు పుస్తకం.

తీరప్రాంతాల వారు, ముఖ్యంగా 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ వైపు కట్టేవారు, పైన చెప్పినవాటికి తోడు మట్టిలోను నీటిలోను క్లోరైడ్లు, సల్ఫేట్ల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. ఉప్పు చేరిన నేలలో కాంక్రీటు లోపలి ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. మాకు ఆ పరీక్ష ప్రామాణిక ప్యాకేజీలో లేదు, అడిగితే చేశారు, ఫలితం మామూలుగానే వచ్చింది.

ఇంతా చేసి, బోర్లు పూర్తయ్యాక ఆ రెండు గుంటలను పైన నాలుగు పారల మట్టి వేసి వదిలేశారు. వాన పడగానే ఒకటి కుంగి నోరు తెరిచింది. అలాంటి గుంట మురుగు నీటికి నేరుగా భూగర్భ జలంలోకి దారి ఇస్తుంది కాబట్టి బెంటొనైట్ కలిపిన సిమెంటుతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. మళ్లీ కబురు పెడితే మనుషులు వచ్చి ఆ పని చేసి వెళ్లారు. చివరి విడత డబ్బు ఆ గుంటలు పూడ్చాకే ఇవ్వడం మంచిది. మేము కూడా అలాగే ఇచ్చాము.